కుర్చీ ఒకరిది, పగ్గాలు ఇంకొకరివి: దేశాధినేతలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జర్మనీకి అధ్యక్షుడూ ఉన్నాడు, ఛాన్సలరూ ఉన్నాడు. ఫ్రాన్సుకు అధ్యక్షుడితో పాటు ప్రధానీ ఉన్నాడు. వార్తల్లో మాత్రం జర్మనీ అంటే ఛాన్సలర్ పేరు, ఫ్రాన్సు అంటే అధ్యక్షుడి పేరు వినిపిస్తుంది. పదవి పేరును బట్టి అసలు అధికారం ఎవరిదో తెలుసుకోవడం ఎలా?

జవాబు: పదవి పేరును బట్టి తెలియదు. ఆ మనిషిని ఎవరు ఎన్నుకున్నారు, ఎవరు దించగలరు, మంత్రులు ఎవరికి జవాబుదారీ అన్న మూడూ చూడాలి. జర్మనీ అధ్యక్షుణ్ణి జనం ఎన్నుకోరు. పార్లమెంటు దిగువసభ సభ్యులు, అంతే సంఖ్యలో రాష్ట్రాల తరఫు ప్రతినిధులు సమావేశమై ఎన్నుకుంటారు. చట్టాల మీద సంతకం, రాయబారుల నియామకం, ఛాన్సలర్ పేరు ప్రతిపాదించడం ఆయన పనులు. ప్రభుత్వం ఏ దారిన నడవాలో తేల్చేది ఛాన్సలర్. ఒకరు దేశాధినేత, ఇంకొకరు ప్రభుత్వాధినేత. అమెరికా, బ్రెజిల్, మెక్సికోల్లో ఈ రెండు హోదాలూ ఒకే మనిషివి.

ఫ్రాన్సు సంగతి రెండింటికీ మధ్యస్థం. అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకుంటారు, ప్రధానిని ఆయనే నియమిస్తాడు. కానీ ఆ ప్రధానిని పడగొట్టే హక్కు జాతీయ అసెంబ్లీది. అందుకే అసెంబ్లీలో సొంత మెజారిటీ ఉన్నంతకాలం అధ్యక్షుడిదే పెత్తనం. అది పోయిన రోజున ప్రతిపక్ష నాయకుణ్ణే ప్రధానిగా పెట్టుకుని కాపురం చేయాలి. 1986-88, 1993-95, 1997-2002 మధ్య మూడుసార్లు ఇలాగే జరిగింది. ఆ రోజుల్లో ఇంటి వ్యవహారాలు ప్రధానివి, విదేశాంగం, రక్షణ ప్రధానంగా అధ్యక్షుడివి. ఈ ఇబ్బంది తగ్గించడానికే 2000లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి అధ్యక్షుడి పదవీకాలాన్ని ఏడేళ్ల నుంచి అయిదుకు కుదించారు. 2002 నుంచి అధ్యక్ష ఎన్నిక ముందు, అసెంబ్లీ ఎన్నిక వెంటనే తర్వాత వచ్చేట్టు సర్దారు. అయినా 2024లో అసెంబ్లీని మధ్యలో రద్దు చేశాక ఎవరికీ మెజారిటీ రాలేదు, చిక్కు మళ్లీ మొదటికొచ్చింది.

పేరు మోసం చేసే దేశాలు ఇంకా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ‘అధ్యక్షుడు’ అంటారు గానీ ఎన్నుకునేది పార్లమెంటే. 2024లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు 400 సీట్లలో 159 మాత్రమే వచ్చాయి. ఇతర పార్టీల మద్దతుతో సిరిల్ రామఫోసా 283 ఓట్లు సాధించి కొనసాగాడు. ఎన్నికైన క్షణం నుంచి ఆయన ఎంపీ కాడు. ఇరాన్‌లో జనం ఎన్నుకున్న అధ్యక్షుడి నెత్తిన సర్వోన్నత నేత ఉంటాడు. సేనలు, న్యాయవ్యవస్థ అధిపతి నియామకం, ప్రభుత్వ ప్రసార సంస్థ ఆయన చేతిలోవి. అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయవచ్చో ముందే వడపోసేది 12 మంది సభ్యుల సంరక్షక మండలి. చైనాలో ‘దేశాధ్యక్షుడు’ అన్నది మూడు కుర్చీల్లో అన్నిటికన్నా తేలికైనది. పార్టీ ప్రధాన కార్యదర్శి పదవి, కేంద్ర సైనిక కమిషన్ అధ్యక్ష పదవి బరువైనవి. డెంగ్ షియావోపింగ్ దేశాధ్యక్షుడూ కాలేదు, ప్రధానీ కాలేదు. 1981 నుంచి 1989 వరకు సైనిక కమిషన్ అధ్యక్షుడిగా ఉండి దేశాన్ని నడిపాడు.

అలాగని ఉత్సవ విగ్రహం అనుకునే అధ్యక్షులందరూ ఊరికే కూర్చోరు. 2018 మే నెలలో ఇటలీ అధ్యక్షుడు సెర్జియో మత్తరెల్లా, కాబోయే ప్రభుత్వం ప్రతిపాదించిన ఆర్థికమంత్రి పేరు మీద సంతకం పెట్టనన్నాడు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయి, కొద్ది రోజులకు వేరే ఆర్థికమంత్రితో ప్రభుత్వం ఏర్పడింది. సంక్షోభం లేనప్పుడు మామూలు సంతకంలా కనిపించేది, సంక్షోభంలో వీటో అవుతుంది.

ప్రశ్న: ఒకే సమయంలో ఒకరికి మించి దేశాధినేతలున్న దేశాలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. శాన్ మారినోలో ఇద్దరు కెప్టెన్ రీజెంట్లు. ఆరు నెలల పదవి, ఏప్రిల్ 1న ఒక జంట, అక్టోబరు 1న మరో జంట. దిగిపోయినవాళ్లు మూడేళ్లు ఆగితేగాని మళ్లీ అర్హులు కారు. బోస్నియా-హెర్జెగోవినాలో ముగ్గురు: ఒక బోస్నియాక్, ఒక సెర్బు, ఒక క్రొయేటు. నాలుగేళ్ల పదవిలో అధ్యక్ష స్థానం ఎనిమిది నెలలకోసారి చేతులు మారుతుంది. స్విట్జర్లాండ్‌లో ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిలే ప్రభుత్వం, అదే దేశాధినేత కూడా. వారిలో ఒకరిని 246 మంది పార్లమెంటు సభ్యులు ఏడాదికోసారి అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు, మరుసటి ఏడాదికి మళ్లీ ఆయన్నే ఎన్నుకోవడానికి వీల్లేదు. సభకు పెద్ద, అంతవరకే. అండోరాకు ఇద్దరు సహ రాకుమారులు. ఒకరు స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్, రెండోవారు ఫ్రాన్సు అధ్యక్షుడు. రాజరికాన్ని కూలదోసిన దేశపు అధ్యక్షుడు పక్కదేశానికి రాకుమారుడన్నమాట.

ప్రశ్న: అమెరికాలో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోవడం ఎలా సాధ్యం? ఎవరికీ మెజారిటీ రాకపోతే ఏం చేస్తారు?

జవాబు: అది ఒక ఎన్నిక కాదు గనక. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ కలిపి 51 వేర్వేరు ఎన్నికలు. ఓటరు ఓటేసేది అభ్యర్థికి కాదు, ఆ అభ్యర్థి తరఫు ఎలక్టర్ల జాబితాకు. ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రానికున్న సీట్లకు సెనేట్ సీట్లు రెండు కలిపితే ఎలక్టర్ల సంఖ్య వస్తుంది. 435, 100, రాజధానికి 3, వెరసి 538. గెలవడానికి 270 కావాలి.

తేడా ఎక్కడ పుడుతుందంటే, 48 రాష్ట్రాల్లోనూ రాజధానిలోనూ ఒక్క ఓటు తేడాతో గెలిచినా ఎలక్టర్లందరూ గెలిచినవారికే. మెయిన్, నెబ్రాస్కా రెండే కొంత భాగాన్ని నియోజకవర్గాల వారీగా పంచుతాయి. కాబట్టి కాలిఫోర్నియాలో 40 లక్షల తేడాతో గెలిచినా, 40 ఓట్లతో గెలిచినా వచ్చేవి ఆ 54 మందే. అక్కడ పోగైన అదనపు ఓట్లు దేశం మొత్తం లెక్కలో కనిపిస్తాయి, ఫలితంలో కనిపించవు. దీనికి తోడు, ఎంత చిన్న రాష్ట్రానికైనా ముగ్గురికి తక్కువ ఉండరు. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో సుమారు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టరు, కాలిఫోర్నియాలో సుమారు 7.3 లక్షల మందికి ఒకరు. ఎక్కువమంది ఈ రెండో కారణాన్నే తప్పుపడతారు గానీ ఫలితాన్ని తారుమారు చేసే బలం మొదటిదానిదే ఎక్కువ. 2000లో ఆల్ గోర్‌కు దేశవ్యాప్తంగా అయిదు లక్షలకు పైగా ఆధిక్యం వచ్చింది. ఫ్లారిడాలో 537 ఓట్ల తేడాతో అధ్యక్ష పదవి పోయింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 29 లక్షల ఆధిక్యం వచ్చినా ఓటమి తప్పలేదు. 1876, 1888లోనూ ఇదే జరిగింది.

క్యాలెండర్ కూడా గుర్తుంచుకోండి. నవంబరులో మొదటి సోమవారం తర్వాతి మంగళవారం పోలింగు. డిసెంబరులో రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం ఎలక్టర్లు తమ తమ రాష్ట్రాల్లోనే సమావేశమై ఓటేస్తారు. దేశమంతటి ఎలక్టర్లు ఒక్కచోట కలవడమన్నది ఎప్పుడూ ఉండదు. జనవరి 6న కాంగ్రెస్ లెక్కిస్తుంది. 2022 చట్టం తర్వాత అభ్యంతరం చెప్పాలంటే రెండు సభల్లోనూ అయిదో వంతు సభ్యుల సంతకాలుండాలి, అంతకుముందు సభకు ఒక్కరు చాలేవారు. జనవరి 20 మధ్యాహ్నం 12కి పదవి మారుతుంది. మాట తప్పే ఎలక్టర్లను శిక్షించే అధికారం రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఎవరికీ 270 రాకపోతే మొదటి ముగ్గురిలో ఒకరిని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. అయితే 435 ఓట్లతో కాదు, రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. 26 రాష్ట్రాలు కావాలి. ఉపాధ్యక్షుణ్ణి మొదటి ఇద్దరిలోంచి సెనేట్ విడిగా ఎన్నుకుంటుంది. అంటే రెండు పార్టీల మనుషులు జోడీ అయ్యే అవకాశం కూడా ఉంది. 1824లో ఆండ్రూ జాక్సన్‌కు 99 మంది ఎలక్టర్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84 మంది. అప్పటి మెజారిటీ 131. వ్యవహారం సభకు వెళ్లాక 24 రాష్ట్రాల్లో 13 ఆడమ్స్ వైపు మొగ్గాయి.

ప్రశ్న: కొన్ని దేశాల్లో రెండో విడత పోలింగు పెడతారు, కొన్నిచోట్ల పెట్టరు. ఏది మేలు?

జవాబు: మేలు కీడు కన్నా, ఏ నియమం ఎక్కడ బెడిసికొడుతుందో చూడటం ఉపయోగం. ఎక్కువ ఓట్లొచ్చినవారే విజేత అనే పద్ధతిలో ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. కానీ పోటీదారులు పెరిగితే గెలుపు గీత కిందికి జారిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో 1992లో ఫిదెల్ రామోస్ 23.6 శాతంతో గెలిచాడు. మెక్సికోలో 2006లో ఫెలిపే కాల్డెరాన్ ఆధిక్యం ఒక్క శాతం కూడా లేదు. ఓడినవారు నెలల తరబడి వీధుల్లో కూర్చున్నారు.

రెండు విడతల పద్ధతికి ఉన్న జబ్బు వేరు. మొదటి విడతలో ఒకే భావాలున్న పార్టీలు విడివిడిగా నిలబడితే అందరూ కలిసి మునుగుతారు. 2002లో ఫ్రాన్సులో 16 మంది పోటీపడ్డారు. జాక్ షిరాక్‌కు 19.9 శాతం, జాన్-మరీ లె పెన్‌కు 16.9, సోషలిస్టు ప్రధాని లియొనెల్ జోస్పాన్‌కు 16.2. వామపక్ష ఓటు చీలి జోస్పాన్ మూడో స్థానంలో ఆగిపోయాడు. రెండో విడతలో షిరాక్‌కు 82 శాతం వచ్చిందంటే అది ఆయన మీద ప్రేమ కాదని వేరే చెప్పక్కర్లేదు. ఫ్రాన్సులో పోటీకి దిగాలంటే ఎన్నికైన ప్రజాప్రతినిధుల సంతకాలు 500 కావాలి. అవి కనీసం 30 జిల్లాల నుంచి రావాలి, ఏ ఒక్క జిల్లా వాటా పదో వంతు దాటకూడదు. ఇంత జల్లెడ పట్టినా 16 మంది మిగిలారు.

అర్జెంటీనా మధ్యేమార్గం పట్టింది. 45 శాతం వచ్చినా, 40 శాతం వచ్చి రెండోవారికన్నా 10 శాతం ముందున్నా మొదటి విడతలోనే విజేత. 2023లో ఎవరూ ఆ గీత దాటలేదు. మొదటి విడతలో ముందున్న సెర్జియో మాసా, రెండో విడతలో హావియెర్ మిలెయ్ చేతిలో ఓడాడు. శ్రీలంకలో రెండో విడతకు జనాన్ని మళ్లీ పిలవరు. ఓటరు అదే కాగితం మీద 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయొచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరిని ఉంచి మిగతా అందరినీ ఒకేసారి తీసేసి, వాళ్ల ఓటర్ల తర్వాతి ప్రాధాన్యాలు లెక్కిస్తారు. 1982 నుంచి ఉన్న ఈ ఏర్పాటు మొట్టమొదట అక్కరకొచ్చింది 2024లోనే. అనుర కుమార దిసనాయకెకు మొదటి లెక్కలో 42.31 శాతమే వచ్చింది. చాలామంది ఓటర్లు ఒక్క గుర్తు పెట్టి ఊరుకోవడం ఈ పద్ధతిలోని బలహీనత, అలాంటి కాగితం రెండో లెక్కలో పనికిరాదు.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది నైజీరియా నియమం. అందరికన్నా ఎక్కువ ఓట్లు రావడంతో సరిపోదు, మూడింట రెండొంతుల రాష్ట్రాల్లో నాలుగో వంతు ఓట్లు కూడా తెచ్చుకోవాలి. ఒక ప్రాంతం, ఒక తెగ బలంతో ఎవరూ గద్దెనెక్కకూడదన్నది ఉద్దేశం. 1979లో ఆ దేశానికి 19 రాష్ట్రాలు. 19లో మూడింట రెండొంతులు 12 పైన మూడింట రెండు! షెహూ షగారీకి 12 రాష్ట్రాల్లో నాలుగో వంతు దాటింది, పదమూడోదైన కానోలో దాదాపు 20 శాతం దగ్గర ఆగింది. పన్నెండున్నర చిల్లర రాష్ట్రమంటే 13 అని ప్రత్యర్థులు, పదమూడో రాష్ట్రంలో మూడింట రెండొంతుల ఓట్లలో నాలుగో వంతు చాలునని ఎన్నికల సంఘం. సుప్రీంకోర్టు సంఘాన్నే సమర్థించింది. నియమం రాసేటప్పుడు భిన్నాలు సరిచూసుకోకపోతే ఇదీ ఫలితం. ఇప్పుడు 36 రాష్ట్రాలు కాబట్టి 24 అని తెగుతుంది.

ప్రశ్న: అమెరికాలో అభిశంసన జరిగినా అధ్యక్షులు కదలరు. దక్షిణ కొరియాలో చకచకా దించేస్తారు. ఎందుకీ తేడా?

జవాబు: అభిశంసన అంటే తొలగింపు కాదు, నేరారోపణ. అమెరికాలో ఆరోపణ చేసేది ప్రతినిధుల సభ, మామూలు మెజారిటీ చాలు. విచారించేది సెనేట్, హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది దోషి అనాలి. వందమందీ ఉంటే 67. ఆండ్రూ జాన్సన్ 1868లో ఒక్క ఓటుతో బయటపడ్డాడు: 36 కావలసినచోట 35 వచ్చాయి. బిల్ క్లింటన్ మీద ఒకసారి, డొనాల్డ్ ట్రంప్ మీద రెండుసార్లు అభిశంసన జరిగింది. 2021లో ట్రంప్‌కు వ్యతిరేకంగా 57 ఓట్లు పడ్డాయి, చాలలేదు. ఇంతవరకు ఒక్క అధ్యక్షుడూ ఈ దారిలో పదవి పోగొట్టుకోలేదు. రిచర్డ్ నిక్సన్‌ను అభిశంసించారని చాలామంది అనుకుంటారు. సభ ఓటింగుకు రాకముందే 1974 ఆగస్టు 9న ఆయనే దిగిపోయాడు. విచారణ నడుస్తున్నంతసేపూ అధ్యక్షుడి అధికారాలు అలాగే ఉంటాయి.

కొరియాలో సరిగ్గా ఇదే తారుమారు. 300 మంది శాసనసభలో 200 ఓట్లు పడగానే ఆ రోజే అధికారాలు నిలిచిపోతాయి, ప్రధాని తాత్కాలికంగా చూస్తాడు. తుది తీర్పు రాజకీయ నాయకులది కాదు, రాజ్యాంగ న్యాయస్థానానిది. తొమ్మిది మందిలో ఆరుగురు అవునంటే పదవి పోతుంది, 60 రోజుల్లో ఎన్నిక జరగాలి. యూన్ సుక్ యోల్ 2024 డిసెంబరు 3 రాత్రి సైనిక శాసనం ప్రకటించాడు. 7వ తేదీ తీర్మానానికి అధికార పార్టీ సభ్యులు బయటికి వెళ్లిపోవడంతో కోరం లేక వీగింది. 14న 204 ఓట్లతో నెగ్గింది. 2025 ఏప్రిల్ 4న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తొలగించారు. జూన్ 3న, అంటే సరిగ్గా అరవయ్యో రోజున, ఎన్నిక జరిగింది. మధ్యలో తాత్కాలిక అధ్యక్షుడైన ప్రధానిని కూడా సభ అభిశంసిస్తే ఆర్థికమంత్రి బాధ్యతలు చూశాడు, తర్వాత ఆ ప్రధానిని కోర్టు మళ్లీ కూర్చోబెట్టింది.

కోర్టు ప్రతిసారీ సభ మాటే వింటుందనుకోకండి. 2004లో రో మూ హ్యూన్ మీద సభ 193 ఓట్లతో తీర్మానం నెగ్గించింది. మధ్యలో వచ్చిన ఎన్నికల్లో జనం ఆయన పార్టీకే మెజారిటీ ఇచ్చారు, మే 14న కోర్టు అభియోగం కొట్టేసింది.

మరీ సులువుగా దించేస్తే ఏమవుతుందో పెరూ చూపిస్తుంది. అక్కడి రాజ్యాంగంలో ‘శాశ్వత నైతిక అసమర్థత’ అనే కారణం ఉంది. దానికి నిర్వచనం లేదు. 130 మందిలో 87 ఓట్లు పడితే విచారణ అంటూ పెద్దగా లేకుండానే పదవి ఖాళీ. 2020 నవంబరు 9న మార్టిన్ విస్కార్రాను దించారు. ఆయన స్థానంలో వచ్చిన మాన్యుయెల్ మెరీనో వారం తిరక్కముందే రాజీనామా చేశాడు. 2022 డిసెంబరు 7న పెద్రో కాస్తియో తనమీద ఓటింగు జరగాల్సిన రోజునే కాంగ్రెస్‌ను రద్దు చేస్తున్నానన్నాడు, కొన్ని గంటల్లో కాంగ్రెసే ఆయన్ను రద్దు చేసింది. 2025 అక్టోబరులో దీనా బొలువార్తె వంతు వచ్చింది. ప్రభుత్వాన్ని పడగొట్టడానికి కావలసిన సంఖ్య కూడగట్టగలిగినవాళ్లే తర్వాతి ప్రభుత్వాన్ని నిలబెట్టలేకపోవడం అసలు రోగం.

ప్రశ్న: ఆ రోగానికి మందు లేదా మరి?

జవాబు: జర్మనీ కనిపెట్టింది. రెండు ప్రపంచయుద్ధాల మధ్య వైమార్ రిపబ్లిక్‌లో కమ్యూనిస్టులూ నాజీలూ కలిసి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేయగలిగారే గాని, కలిసి ప్రభుత్వం నడపలేరు. అందుకని 1949 రాజ్యాంగం 67వ అధికరణంలో షరతు పెట్టారు: ఛాన్సలర్‌ను దించాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఓట్లు కావాలి. తీర్మానం పెట్టాక ఓటింగుకు 48 గంటల వ్యవధి ఉండాలి. హాజరుకానివారి ఓటు, తటస్థ ఓటు ప్రభుత్వానికే మేలు చేస్తాయి. రెండుసార్లే ప్రయోగించారు. 1972లో విల్లీ బ్రాంట్ మీద రైనర్ బార్జెల్‌కు 247 వచ్చాయి, 249 కావాలి. 1982 అక్టోబరు 1న హెల్మట్ ష్మిట్‌ను దించి హెల్మట్ కోల్ వచ్చాడు, 16 ఏళ్లు ఉన్నాడు. స్పెయిన్ ఇదే నియమాన్ని తీసుకుంది. 2018 జూన్ 1న పెద్రో సాంచెజ్ 350లో 180 ఓట్లతో మరియానో రహోయ్ స్థానంలోకి వచ్చాడు.

ఈ మందు పనిచేయని చోటొకటుంది. ఉన్న ఛాన్సలర్‌కు మెజారిటీ పోయి, కొత్తవారికీ రాకపోతే మైనారిటీ ప్రభుత్వం ఈడ్చుకుంటూ పోవాల్సిందే. అప్పుడు ఛాన్సలరే విశ్వాస పరీక్ష అడిగి, ఓడి, సభ రద్దుకు దారి వేసుకోవాలి. 2024 డిసెంబరు 16న ఒలాఫ్ షోల్జ్ చేసింది అదే. ఎన్నిక కూడా నల్లేరు మీద నడక కాదు. 2025 మే 6న ఫ్రెడ్రిక్ మెర్జ్‌కు 316 కావలసినచోట మొదటి ఓటింగులో 310 వచ్చాయి. ఓటింగు రహస్యం కాబట్టి ఎవరు ఎగవేశారో ఎవరికీ తెలియదు. అదే రోజు మళ్లీ ఓటింగు పెడితే 325 వచ్చాయి.

ప్రశ్న: అధ్యక్షుడు హఠాత్తుగా చనిపోతే వెంటనే ఎవరు? అన్నిచోట్లా ఉపాధ్యక్షుడేనా?

జవాబు: కాదు. మిగిలిన పదవీకాలమంతా వారసుడే ఉంటాడా, కొత్త ఎన్నికదాకా దీపం ఆరకుండా చూస్తాడా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో ఉపాధ్యక్షుడు పూర్తిస్థాయి అధ్యక్షుడవుతాడు, మధ్యంతర ఎన్నిక ఉండదు. తర్వాతి వరుసలో ప్రతినిధుల సభ స్పీకర్, సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడు, ఆపై శాఖలు పుట్టిన క్రమంలో మంత్రులు. ఉపాధ్యక్ష పదవి ఖాళీ అయితే కొత్తవారిని నియమించే వీలు 1967 నాటి 25వ సవరణతో వచ్చింది. దాని పుణ్యమా అని జెరాల్డ్ ఫోర్డ్ 1973 డిసెంబరులో ఉపాధ్యక్షుడిగా, ఎనిమిది నెలలకు అధ్యక్షుడిగా వచ్చాడు. రెండు పదవులకూ జనం ఆయనకు ఓటేయలేదు. అదే సవరణ కింద అధ్యక్షుడు మత్తుమందు తీసుకునే వైద్య పరీక్షల సమయంలో అధికారం రాసిస్తాడు. 2021 నవంబరు 19న కమలా హారిస్ 85 నిమిషాలు తాత్కాలిక అధ్యక్షురాలు.

ఫ్రాన్సులో ఉపాధ్యక్ష పదవే లేదు. సెనేట్ అధ్యక్షుడు తాత్కాలికంగా కూర్చుంటాడు, 20 నుంచి 35 రోజుల్లో ఎన్నిక. అలాన్ పొయెర్ 1969లోనూ 1974లోనూ ఇలా రెండుసార్లు కూర్చున్నాడు. పోలండ్‌లో 2010 ఏప్రిల్ 10 విమాన ప్రమాదంలో అధ్యక్షుడు పోయినప్పుడు దిగువసభ స్పీకర్ బాధ్యతలు తీసుకున్నాడు. ఇరాన్‌లో మొదటి ఉపాధ్యక్షుడు తాత్కాలికం, గడువు 50 రోజులు. 2024 మే 19న ఇబ్రహీం రయీసీ హెలికాప్టర్ ప్రమాదంలో మరణిస్తే జూన్ 28న పోలింగు, జూలై 5న రెండో విడత జరిపి ముగించారు. మెక్సికోలో హోంమంత్రి తాత్కాలికంగా చూస్తాడు. ఖాళీ మొదటి రెండేళ్లలో వస్తే కాంగ్రెస్ తాత్కాలిక అధ్యక్షుణ్ణి పెట్టి ఎన్నిక పిలుస్తుంది, ఆ తర్వాత వస్తే కాంగ్రెస్ ఎన్నుకున్నవారే కాలం పూర్తిచేస్తారు. వరుసక్రమాన్ని దుర్వినియోగం చేసిన ఉదాహరణ కూడా అక్కడిదే. 1913 ఫిబ్రవరి 19న సైనిక తిరుగుబాటులో అధ్యక్ష, ఉపాధ్యక్షుల చేత రాజీనామా రాయించారు. వరుసలో ఉన్న పెద్రో లస్కురాయిన్ అధ్యక్షుడై, విక్టోరియానో ఉయెర్తాను మంత్రిగా నియమించి, రాజీనామా చేశాడు. గంటలోపే పని అయిపోయింది, అధ్యక్ష పీఠం ఉయెర్తాది అయింది.

ప్రశ్న: రెండుసార్లకు మించి ఉండకూడదని రాజ్యాంగంలో రాసుకుని కూడా కొందరు ఎలా కొనసాగుతున్నారు?

జవాబు: దారులు నాలుగైదున్నాయి. మొదటిది, కుర్చీ మార్చుకోవడం. రష్యా రాజ్యాంగం ‘వరుసగా రెండుసార్లు’ అంది. వ్లాదిమిర్ పుతిన్ 2008లో ప్రధాని అయ్యాడు, ద్మిత్రీ మెద్వెదెవ్ నాలుగేళ్లు అధ్యక్షుడు, 2012లో పుతిన్ తిరిగి వచ్చాడు. ఈలోగా పదవీకాలాన్ని నాలుగు నుంచి ఆరేళ్లకు పెంచారు. రెండోది లెక్క సున్నా చేయడం. 2020 సవరణ ‘వరుసగా’ అన్న మాట తీసేసి పైకి కఠినంగా కనిపించింది, కానీ అంతవరకు చేసిన పదవీకాలాలు లెక్కలోకి రావంది. దాంతో 2036 దాకా దారి పడింది. మూడోది నేరుగా పరిమితి ఎత్తేయడం. 2018 మార్చిలో చైనా 2,958 ఓట్లతో, ఇద్దరు మాత్రమే వ్యతిరేకించగా, అధ్యక్షుడికున్న రెండుసార్ల పరిమితి తొలగించింది. నాలుగోది కోర్టు దారి. బొలీవియాలో 2016 ఫిబ్రవరి 21న ఎవో మొరాలెస్‌కు మరో అవకాశం వద్దని 51.3 శాతం ఓటేశారు. మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం, పోటీ చేయడం మానవ హక్కు అంటూ పరిమితినే పక్కన పెట్టింది. 2019 ఎన్నిక గొడవల్లో ఆయన రాజీనామా చేయాల్సివచ్చింది. అలాంటి మానవ హక్కు ఏదీ లేదని అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2021లో తేల్చింది. ఎల్ సాల్వడోర్‌లో 2021లో కొత్త న్యాయమూర్తులు వచ్చి వ్యాఖ్యానం మార్చారు, నయీబ్ బుకేలే 2024లో మళ్లీ గెలిచాడు, 2025 జూలైలో పరిమితే పోయింది.

నిలిచిన గోడలూ ఉన్నాయి. దక్షిణ కొరియాలో ఒకేసారి, అయిదేళ్లు. రాజ్యాంగం సవరించి పదవీకాలం పెంచినా ఆ సవరణ అప్పుడు కుర్చీలో ఉన్నవారికి వర్తించదని 128వ అధికరణం ముందే తాళం వేసింది. నా దృష్టిలో ఇంత తెలివైన వాక్యం మరే రాజ్యాంగంలోనూ తక్కువ. మెక్సికోలో ఆరేళ్లు, ఒకేసారి. నైజీరియాలో 2006లో మూడోసారి ప్రయత్నాన్ని సెనేటే తిరస్కరించింది. అమెరికాలో 1951 నుంచి రెండుసార్లే ఎన్నిక. అయితే మరొకరి పదవీకాలంలో రెండేళ్లకు మించకుండా పనిచేసినవారు తర్వాత రెండుసార్లు గెలవొచ్చు కాబట్టి గరిష్ఠం పదేళ్లు.

ప్రశ్న: కోర్టు అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసిన సందర్భాలున్నాయా?

జవాబు: కెన్యాలో 2017, మలావిలో 2020, ఆస్ట్రియాలో 2016, రొమేనియాలో 2024. మలావిలో ఫలితాల పట్టికల మీద దిద్దుబాటు ద్రవం పూసి అంకెలు మార్చినట్టు బయటపడింది. మళ్లీ జరిపిన ఎన్నికలో ప్రతిపక్షం గెలిచింది. కెన్యాలో ప్రతిపక్షం రెండోసారి పోటీయే బహిష్కరించింది. ఆస్ట్రియాలో తేడా 30,863 ఓట్లు. తపాలా ఓట్ల కవర్లు చాలాచోట్ల వేళకు ముందే, హక్కులేనివాళ్లు తెరిచారు. అలా లెక్కించినవి 77,000 పైచిలుకు. మోసం జరిగినట్టు రుజువు లేదు, కానీ తేడాకన్నా తప్పుగా లెక్కించిన ఓట్లు ఎక్కువ కాబట్టి కోర్టు కొట్టేసింది. అక్టోబరు 2కు పెట్టిన రెండో పోలింగు కూడా, కవర్ల జిగురు ఊడిపోతోందని డిసెంబరు 4కు వాయిదా పడింది.

ప్రశ్న: ప్రమాణం తప్పు చదివితే పదవి చెల్లదా?

జవాబు: అమెరికా ప్రమాణంలో 35 పదాలు. 2009లో ప్రధాన న్యాయమూర్తి ఒక పదాన్ని ముందువెనకలు చేశాడు, బరాక్ ఒబామా తడబడ్డాడు. మర్నాడు శ్వేతసౌధంలో మళ్లీ చేయించారు. మధ్యాహ్నం 12 దాటగానే పదవీకాలం మొదలవుతుంది కాబట్టి ఆ ఒక్క రోజు దేశానికి అధ్యక్షుడు లేడని కాదు. అధికారాలు వాడుకోవడానికి ముందు ప్రమాణం చేయాలని రాజ్యాంగం అంటుంది గనక రేపెవరూ కోర్టుకెక్కకుండా జాగ్రత్తపడ్డారు.

ప్రశ్న: పోటీ పరీక్షల కోసం దేశాధినేతల జాబితా రాసుకుంటున్నాను. ఎక్కడ తప్పులు దొర్లుతాయి?

జవాబు: ఎక్కువగా నాలుగుచోట్ల. ఎన్నికైన తేదీని పదవి చేపట్టిన తేదీగా రాసేయడం ఒకటి. క్లౌడియా షేన్‌బామ్ 2024 జూన్‌లో గెలిచింది, పదవి చేపట్టింది అక్టోబరు 1న. రాజున్న దేశాల్లో ప్రధానిని దేశాధినేత గడిలో రాయడం రెండోది. కెనడా, ఆస్ట్రేలియాలతో కలిపి 15 దేశాలకు దేశాధినేత బ్రిటన్ రాజే. బార్బడోస్ 2021 నవంబరు 30న ఆ జాబితా నుంచి బయటికొచ్చి రిపబ్లిక్ అయింది, పాత పుస్తకాల్లో ఇంకా లోపలే ఉంటుంది. మలేషియా రాజు మూడో ఉచ్చు. తొమ్మిది రాష్ట్రాల వంశపారంపర్య పాలకుల్లోంచి వంతులవారీగా అయిదేళ్లకొకరు, ఇప్పటి రాజు 2024 జనవరి 31 నుంచి. నాలుగోది వరుస సంఖ్య. ట్రంప్ 45వ, 47వ అధ్యక్షుడు. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 22వ, 24వ. కాబట్టి 47వ అధ్యక్షుడి దాకా లెక్కపెడితే మనుషులు 45 మందే. మీ జాబితాలో దేశాధినేతకు, ప్రభుత్వాధినేతకు వేర్వేరు గడులు పెట్టి, మూడో గడిలో పదవి చేపట్టిన తేదీ రాయండి. స్విట్జర్లాండ్‌ను ఏటా జనవరి 1న, శాన్ మారినోను ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సరిచూసుకోండి.